ఉల్లంకి అనే పిట్ట గురించి

మా బరంపురం తెలుగువాళ్ళకు చిలిక అనగానే ముందు గుర్తొచ్చేవి పీతలూ రొయ్యలూను. ఆ తరవాత సంక్రాంతికి కాళీజాయి అమ్మవారి జాతర. ఆ తరవాత, రైలు రంభ దాటాక కుడిచేతి పక్క కిటికీలోంచి కనిపించే నీళ్ళు. పిట్టలు ఏ నాలుగో అయిదో స్థానంలోనో వస్తాయి. నేను రైల్వే గుమాస్తాగా ఈ లైను మీదే ముప్ఫై మూడేళ్ళు తిరిగాను గనక చెబుతున్నాను: డిసెంబరు పొద్దున ఆ నీళ్ళ మీద నల్లని గీతల్లా కదిలేవాటిని చూసి, పెట్టెలో ఎవరైనా తల తిప్పి "అవేం పిట్టలండీ?" అని అడిగితే అది విశేషమే. అడిగినా, ఎవరో ఒకరు "బాతులు" అంటారు. అంతటితో సరి.

నిజానికి చలికాలంలో ఈ దేశం మొత్తం మీద ఇన్ని నీటిపక్షులు ఒక్కచోట చేరే తావులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఏటా జనవరిలో లెక్క తీస్తారు. 2023లోనూ 2024లోనూ ఆ లెక్క పదకొండు లక్షలు దాటింది. సూదితోక బాతులు, గడ్వాల్‌లు, విజియన్‌లు సైబీరియా వైపు నుంచి వస్తాయి. పట్టతల బాతులయితే టిబెట్టు, మంగోలియా ఎత్తుల్లో పిల్లల్ని చేసుకుని హిమాలయాల మీదుగా ఎగిరి వస్తాయి. చిలిక వానాకాలంలో 1,165 చదరపు కిలోమీటర్లు, వేసవికి 906. ఆ తగ్గే నీటి అంచే పిట్టలకు అన్నపు పళ్ళెం. నీళ్ళు తీసేకొద్దీ బురద బయటపడుతుంది, బురదలో పురుగులూ నత్తలూ ఉంటాయి.

1981లో చిలిక రాంసర్ జాబితాకెక్కింది. తరవాత సముద్రంలోకి వెళ్ళే ముఖద్వారం ఇసుక మేటవేసి మూసుకుపోతూ, ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, 1993 నాటికి ప్రమాదంలో ఉన్న తావుల పట్టికలోకి దిగజారింది. 2000లో కొత్త ముఖద్వారం తవ్వారు. 2002లో ఆ పట్టికలోంచి పేరు తీసేశారు. ఇదంతా పేపర్లలో వచ్చిందే. నాకు ఇంతకంటె పెద్ద సంగతిగా తోచినది మాత్రం మంగళజోడి.

మంగళజోడి ఖుర్దా జిల్లాలో టాంగీకి దగ్గర, సరస్సుకు ఉత్తరపు కొసన ఉన్న పల్లె. ఊరు దాటాక మట్టిగట్టు, ఆ గట్టు వెంట కాలవ, కాలవ చివర నళగడ్డి పొదలు, అవతల కనుచూపు మేరా మోకాటిలోతు నీళ్ళు. ఒకప్పుడు ఈ ఊరిపేరు చెబితే పక్షివేట అని అర్థం. వల పన్నేవారు, తుపాకీ పేల్చేవారు, ఎరలో విషం కలిపేవారు, గూళ్ళల్లో గుడ్లు ఏరేవారు. పిట్టమాంసానికి బేరం ఎప్పుడూ ఉండేది. 'వైల్డ్ ఒరిస్సా' అనే సంస్థవాళ్ళు ఆ వేటగాళ్ళ మధ్యే కూర్చుని, వారిచేతే ఒప్పించి, 2000 ప్రాంతంలో ఊళ్ళో పక్షి రక్షణ సమితి కట్టించారు. నాడు వేటాడిన చేతులే నేడు గెడ వేసి మనల్ని పడవలో తిప్పుతున్నాయి. చెప్పినంత సులువుగా జరిగిందనుకోకండి. తిండి మానుకోమన్నప్పుడు ఇంకో తిండి చూపించాలి. చూపించడానికి ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలంలో ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలిగిందో ఏ నివేదికలోనూ ఉండదు.

ఇక ఫొటోల సంగతి. నేను మొదలుపెట్టిన రోజుల్లో రోలుకు ముప్ఫై ఆరు బొమ్మలు. రోలు ఖరీదు, కడిగే ఖరీదు, అచ్చు ఖరీదు కలిపితే ఒక్క బొమ్మకు ఇంట్లో ఒక పూట కూర వచ్చేది. అందుకని మీట నొక్కే ముందు చాలాసేపు చూసేవాళ్ళం. ఇప్పటి కెమెరాలు సెకనుకు ఇరవై బొమ్మలు తీస్తాయి. పాత రోజులు గొప్పవని నేననను. నా పాత బొమ్మల్లో సగం మసకే. కాని ఆ చూడటం అనే అలవాటు మాత్రం రోలుతోపాటు పోగూడదు.

మంగళజోడిలో ఎనిమిది దాకా మంచు విడదు. మంచు విడిచిన గంటన్నరే మంచి వెలుగు. పది దాటితే నీళ్ళ మీద ఆవిరి లేచి, దూరపు పిట్ట వణుకుతున్నట్టు వస్తుంది. ఎంత ఖరీదైన లెన్సయినా దాన్ని నిలబెట్టలేదు. పడవ అంచున ఉలవలు పోసి కుట్టిన గుడ్డసంచీ ఒకటి వేసుకుని, దాని మీద లెన్సు ఆనించి, మనం పడవ అడుగున బోర్లా పడుకోవాలి. అప్పుడు పిట్ట కన్నూ మన కన్నూ ఒక ఎత్తులోకి వస్తాయి. నిలబడి తీసిన బొమ్మలో పిట్ట నేలమీది వస్తువులా ఉంటుంది. పడుకుని తీస్తే దాని లోకంలో అది ఉంటుంది. నల్లని బురద ముందు తెల్లకొంగ నిలబడితే కెమెరా లెక్క తప్పుతుంది, వెలుగు ఒక మెట్టు తగ్గించాలి. లేకపోతే కొంగ సున్నపు ముద్దలా వస్తుంది. ఈ మాత్రం విద్య ఎవరైనా నాలుగు రోజుల్లో నేర్చుకోవచ్చు. మిగతాదంతా ఓపిక, నడుంనొప్పి.

అక్కడ నాకిష్టమైన పిట్ట బ్లాక్-టెయిల్డ్ గాడ్విట్. కోడిపెట్టకు పొడుగు కాళ్ళు పెట్టినట్టుంటుంది, ముక్కు తలకు రెండింతలు పైనే. ఆ ముక్కుకొస గట్టిది కాదు, వంగుతుంది, తాకిడి తెలుస్తుంది. కంటికి కనపడని పురుగును బురద లోపల తడిమి పట్టుకుంటుంది. వేలకొద్దీ పిట్టలు ఒకేసారి బురదలో ముక్కులు దించి, ఎత్తి, దించి - కుట్టుమిషన్లు నడుస్తున్నట్టే ఉంటుంది. అన్నీ లేచాయంటే మాత్రం రెక్కల మీద తెల్లచారలు, తెల్లని నడుము, నల్లని తోక ఒక్కసారిగా మెరుస్తాయి. ఆ మెరుపు కోసమే ఇప్పుడు గొడవంతా.

కొన్నేళ్ళ కిందట ఫిబ్రవరిలో ఒకరోజు మా పడవకు కొంచెం దూరంలో ఇంకో పడవ ఉంది. అందులో నలుగురు, ఒక్కొక్కరి చేతిలో ఫిరంగి లాంటి లెన్సు. పిట్టలు తింటున్నాయి. తినే పిట్ట బొమ్మ ఎవరికి కావాలి? వాళ్ళలో ఒకాయన చప్పట్లు కొట్టాడు. రెండోసారి పడవ బల్లను గెడతో మోదించాడు. ఆకాశం నిండిపోయింది. కెమెరాలు టకటకలాడాయి. పిట్టలు ఒక చుట్టు తిరిగి దూరంగా వాలాయి. ఆ పడవ అటే కదిలింది.

మా పడవవాడు నా వయసువాడే, వేట రోజుల మనిషి. నన్నూ అలవాటుగా అడిగాడు, "సార్, ఉడేఇదేబి?" అని. ఎగరగొట్టమంటారా అని. నేను "నా, మౌసా" అన్నాను. కాసేపు గెడ నీళ్ళలో అలాగే ఉంచి, తరవాత అతను చెప్పిన మాట ఇది: వేట రోజుల్లో పిట్టను ఎగరనియ్యకపోవడమే పనితనమట. ఒక్కటి లేచిందంటే మంద లేచినట్టే, మంద లేచిందంటే ఆ రాత్రి వట్టిచేతులతో ఇంటికి పోవడమే. పిట్ట తినడం ఆపి ఒకసారి మెడ ఎత్తితే ఇంకా పరవాలేదు. రెండోసారి ఎత్తితే గెడ ఆపెయ్యాలి. ఒంటికాలి మీద నిలుచున్నది రెండోకాలు దించిందంటే వెనక్కు మళ్ళాలి. ఏ పుస్తకంలోనూ ఇంత శుభ్రంగా రాసిలేదు. చంపడానికి నేర్చుకున్న విద్య అది. ఇప్పుడు నాలాంటివాడి బొమ్మకు పనికొస్తోంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ పిట్టలకు తిండి మన పెళ్ళివారి తిండి కాదు. వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు దాచుకుంటాయి. ఎగరగొట్టిన ప్రతిసారీ ఆ కూడబెట్టినదాంట్లోంచి ఖర్చవుతుంది. ఒక పడవ ఒకసారి చేస్తే నష్టం లేదనుకోవచ్చు. ఆదివారం ఎన్ని పడవలు తిరుగుతాయో గట్టు మీద నిలబడి చూస్తే తెలుస్తుంది. తప్పు పడవవాడి మీదికి నెట్టెయ్యడం మన పట్నవాసులకు అలవాటు. కాని ఎగిరే బొమ్మ దొరికితే బక్షీసు ఎక్కువిచ్చేది ఎవరు? మనమే కదా. నేను మాత్రం ఎక్కేటప్పుడే చెప్పేస్తాను, పిట్ట ఒక్కటీ లేవకపోతేనే పైడబ్బులని. మొదట నవ్వేవారు. ఇప్పుడు నన్ను చూస్తే గెడ మెల్లగా వేస్తారు. గూళ్ళ దగ్గర బొమ్మలు తీయడం, పెట్టెలో పక్షికూత వినిపించి పొదలోంచి బయటికి రప్పించడం - వీటి గురించి కూడా నా అభిప్రాయం ఇదే గనక విడిగా రాయను.

ఈ బొమ్మలు అచ్చు వేయించి ఒక ఆల్బం చేశాను. అది చంకన పెట్టుకుని గోపాల్‌పూర్ పక్కన మన తెలుగు బెస్తలుండే పేటకు వెళ్ళాను. ఒడియావాళ్ళు వీళ్ళను నోళియాలంటారు. పూరీ దాకా, చిలిక ముఖద్వారం దాకా ఈ తీరమంతా వీళ్ళే. తరాల కిందట వచ్చినవాళ్ళు, సముద్రంతోనూ ఇంట్లోనూ మాట్లాడేది తెలుగే. ఒక పెద్దాయన తాటాకు నీడన వల బాగుచేసుకుంటున్నాడు. ఆల్బం చూపించాను.

"ఇదేటి తాతా?"

"ఉల్లంకి."

"మరి ఇదీ?"

"ఇదీ ఉల్లంకే బాబూ. కాస్త పెద్ద ఉల్లంకి."

ఆరు బొమ్మల్లో అయిదు ఉల్లంకులే అయ్యాయి. బూడిదరంగు కొంగను చూపిస్తే "నారాయణపక్షి" అన్నాడు, చెయ్యి కొంచెం పైకెత్తి. గూడబాతు, నీటికాకి ఆయనకు చుట్టాల్లాంటివి. బాతుల దగ్గరికొచ్చేసరికి ఏవి కూరకు బాగుంటాయో, ఏవి నీచువాసన కొడతాయో మాత్రం వివరంగా చెప్పాడు. పక్కనే ఆయన మనవడు, ఇరవై ఏళ్ళవాడు, ఫోను లోంచి తలెత్తి చూసి "చొఢెయి" అన్నాడు. అంటే పిట్ట. ఏ పిట్టయినా అతనికి చొఢెయే. ఫోను లోకి మళ్ళీ దిగిపోయాడు.

ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను. పెద్దాయన ఉల్లంకి అనే ఒక్క సంచీలో పది రకాల పిట్టలు పోశాడని నవ్వడానికి లేదు. తిన్నవాటికీ, మొక్కినవాటికీ, పంట పాడుచేసినవాటికీ, శకునం చెప్పినవాటికీ మన భాషలో పేర్లున్నాయి. పాలపిట్ట, జెముడుకాకి, తీతువు, గిజిగాడు, పసులపోలిగాడు, ఇవన్నీ ఇంటిముందుకొచ్చి పేరు పెట్టించుకున్నవే. బురదలో దూరంగా తిరిగేవాటికి ఒక్క పేరు చాలనుకున్నారు. మా మామ్మ ఒక రకాన్ని ముక్కుపూరేడు అనేది. పూరేడుకు ముక్కు తగిలించినట్టుంటుందని. ఎంత బాగుంది ఆ మాట! ఇప్పుడు మా వీధిలో అది తెలిసినది నేనొక్కడినే అనుకుంటాను.

అన్నట్టు, పిట్టల తెలుగు పేర్లు పుస్తకంలోకి ఎక్కించినవాళ్ళలో ముందు చెప్పుకోవలసినది ఒక దొరను. ఆయన పేరు జెర్డాన్. 1836లో మద్రాసులో దిగిన సైనిక వైద్యుడు. మొదటి కొలువు ఎక్కడనుకున్నారు? మన గంజాంలోనే, జ్వరాలతోనూ విరేచనాలతోనూ పడివున్న సిపాయిలకు మందివ్వడానికి. ఆ ఖాళీల్లో ఈ తూర్పు కనుమల్లో పిట్టల్ని చూడటం మొదలెట్టాడు. తరవాత నెల్లూరులో పనిచేసినప్పుడు యానాదులతో తిరిగి పేర్లు అడిగి రాసుకున్నాడు. 1862-64 మధ్య వచ్చిన ఆయన పక్షిగ్రంథంలో ఇంగ్లీషు, లాటిన్ పేర్ల పక్కన హిందీ, అరవం, తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. మనం కలివికోడి అని పిలుచుకునే కడప అడవి పిట్ట ఇంగ్లీషులో ఆయన పేరు మీదే ఉంది. దాన్ని ఆయన 'అడవి ఉత్తతిత్తి' అని రాసుకున్నాడు. ఉత్తతిత్తి అంటే ఖాళీ సంచీ. 1900 తరవాత కనబడక, అంతరించిపోయిందనుకున్న ఆ పిట్ట 1986లో మళ్ళీ కనిపించింది. వెదికినది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారే గాని, పట్టి చూపించినది ఊళ్ళో పిట్టలు పట్టే మనిషి. ఇక్కడా వేటగాడే.

జెర్డాన్ గంజాంలో దిగిన సరిగ్గా నూరేళ్ళకు, 1936లో, ఈ గంజాం ఒడిశాలో చేరింది. మనుషులకు హద్దు గీశారు, మా పిట్టలకు ఎవరూ చెప్పలేదు. బరంపురం నుంచి గంటలోపు ప్రయాణంలో, ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచి అనే ఊరుంది. జూన్, జూలైల్లో తొలకరితో అక్కడి చెట్ల మీదికి నత్తగుల్ల కొంగలు వచ్చి గూళ్ళు కడతాయి. ఒడియాలో వీటినే గేండాలియా అంటారు. పెద్దకొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. కిందిముక్కు కొసతో గుల్ల లోపలి నత్తను లాగేస్తుంది. వరిచేలల్లో నత్తలున్నన్నాళ్ళూ దానికి లోటు లేదు. ఊరివాళ్ళు వాటిని ముట్టరు, ముట్టనివ్వరు. కొంగలు రాకపోతే వానలు సరిగా పడవని వాళ్ళ నమ్మకం. రెట్టల కంపు నెలల తరబడి భరిస్తారు. ఆడపడుచులు పురిటికి వచ్చినట్టే చూస్తారు.

కాని మన పేపర్లు ఏటా రాసే మాట ఒకటుంది: "సైబీరియా అతిథులు వచ్చేశాయి" అని. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నత్తగుల్ల కొంగకు సైబీరియాతో ఏ సంబంధమూ లేదు. అది ఈ దేశపు పిట్ట, చుట్టుపక్కల బర్మా, సయాం దాకా దాని ఊళ్ళే. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూళ్ళు కట్టే గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ కూడా అంతే. వానల్ని బట్టీ చెరువుల్ని బట్టీ ఇక్కడిక్కడే తిరుగుతాయి. మంచుదేశం నుంచి వచ్చిన పిట్ట ఇక్కడ గూడు కట్టదు. తిని, బలిసి, గూడు కట్టడానికి తిరిగి వెళ్ళిపోతుంది. గూడు ఎక్కడో ఊరు అక్కడ. నాలుగైదు తరాలుగా ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినదాన్ని పట్టుకుని ఎక్కడినుంచి వచ్చావని అడగడం ఎలా ఉంటుందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పక్కర్లేదు.

ఆల్బం ఇప్పుడు మా మనవరాలి చేతిలో ఉంది. ఆ పిల్ల బళ్ళో ఇంగ్లీషూ ఒడియాను. తెలుగు ఇంట్లో నా దగ్గర. ప్రతి బొమ్మ కిందా మూడు గీతలు గీసింది, మూడు భాషలకూ. లకుముకి పిట్టకు మూడూ నిండాయి - కింగ్‌ఫిషర్, మాఛరంకా, లకుముకి. పాలపిట్టకూ నిండాయి. గాడ్విట్ దగ్గర తెలుగు గీత మీద పెన్సిలు ఆగింది. ఉల్లంకి అని రాయమన్నాను.

"అన్నిటికీ అదే అయితే ఎలా తాతా? దీని తోక నల్లగా ఉంది కదా," అని నల్లతోక ఉల్లంకి అని రాసుకుంది. నాకు నచ్చింది. ఏ పండితుడి చేతికైనా ఇస్తే దాన్ని కృష్ణపుచ్ఛం చేసి కూర్చోబెట్టేవాడు, ఇక ఏ బెస్తవాడి నోటికీ ఎక్కేది కాదు. పెద్దాయన మాట వేరుగా ఉంచి దానికో కొమ్మ తొడిగింది పిల్ల, అంతే. పెద్దాయన సంచీలోంచి ఒక్కొక్కటే బయటికి తీస్తోంది: ఎర్రకాళ్ళ ఉల్లంకి, మచ్చల ఉల్లంకి, పొట్టి ఉల్లంకి. వచ్చే చలికాలం ఈ పట్టిక పట్టుకుని మళ్ళీ పేటకు వెళ్ళి పెద్దాయనకు వినిపించాలని ఉంది. ఆయన ఒప్పుకోకపోతే కొట్టేస్తాం.

ఇది మా ఒక్క చోటి మాట. ఈ పత్రిక అందుకునేవాళ్ళలో వేడంతాంగల్ చెరువు దగ్గరివాళ్ళుంటారు, మైసూరు వైపు కొక్కరెబెళ్ళూరు తెలిసినవాళ్ళుంటారు (అక్కడి కొక్కరె, మన నిఘంటువుల్లోని కొక్కెర అక్కాచెల్లెళ్ళే), నాసిక్ జిల్లా నందూర్ మధమేశ్వర్ వైపువాళ్ళుంటారు, కోరింగ మడ అడవి పక్కనున్న యానాంవాళ్ళు ఎలాగూ ఉంటారు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు నీటిపిట్టలకు వాడే పేర్లు ఒక కార్డు మీద రాసి పంపండి. అరవమో కన్నడమో కలిసిపోయిన పేరయినా సరే, మీరు పలికినట్టే రాయండి. ఫొటో అక్కర్లేదు. ముక్కు పొడుగో పొట్టో, వంపు పైకో కిందికో, కాళ్ళు ఏ రంగో చెబితే చాలు, ఏ పిట్టో మేము పోల్చుకుంటాం.